పిల్లల పళ్ళకు క్లిప్పులు వేసేముందు ఫొటోలు: నా అనుభవం

క్లిప్పుల కోసం వచ్చిన పిల్లలకు నేను తీసే ఫొటోలు తొమ్మిది. ముఖానివి నాలుగు: పెదాలు వదులుగా ఉంచి ఎదురుగా, పళ్ళు కనిపించేలా నవ్విస్తూ, పూర్తిగా పక్కనుంచి, కొంచెం తల తిప్పి నవ్వుతో. జుట్టు చెవుల వెనక్కి, కళ్ళద్దాలు తీసి, చూపు నేరుగా. నోటిలోవి ఐదు: ముందు, కుడి, ఎడమ, పైదవడ, కిందిదవడ.

చికిత్స ముగిశాక ఇవే కోణాల్లో మళ్ళీ తీయాలి. అందుకే 100 మి.మీ. మాక్రో లెన్స్ (దగ్గరి వస్తువులను తీసేది), రింగ్ ఫ్లాష్ (లెన్స్ చుట్టూ ఉండేది) మార్చను. ఆటోఫోకస్ ఆపేసి, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాలో నోటికి 1:2, అంటే సెన్సార్‌పై పడే బొమ్మ అసలు సైజులో సగం, ముఖానికి 1:10, అంటే పదోవంతు, పెట్టుకుని, బొమ్మ తేటపడేదాకా నేనే ముందుకూ వెనక్కూ జరుగుతాను. నోటికి ఎఫ్/22 (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే సెట్టింగ్) లేకపోతే వెనక పళ్ళు మసకబారతాయి.

ఎక్కువ ఓపిక కావాల్సింది పక్క ఫొటోలకే. "కొరుకు" అనగానే చాలామంది పిల్లలు కిందిదవడను ముందుకు తోసేస్తారు. దాంతో ఎత్తుపళ్ళు కూడా ఫొటోలో సరిగ్గానే ఉన్నట్టు పడతాయి. "ఉమ్మి మింగు కన్నా, ఇప్పుడు వెనక పళ్ళు కలుపు" అంటే దవడ తన చోటికి వస్తుంది. పెదాలను, బుగ్గలను పక్కకు లాగి ఉంచే రిట్రాక్టర్లు చిన్న సైజువి, తడిపి పెట్టాలి. పొడివైతే పెదవి మూలలు ఒరుసుకుంటాయి. తీసే వైపుది చెవి దిక్కుగా లాగి, రెండోది వదులుగా ఉంచాలి. రెండూ సమానంగా లాగితే మొదటి పెద్ద దవడపన్ను అందదు. కెమెరా కోరపన్ను వెనక పళ్ళకు ఎదురుగా ఉండాలి. అది ముందుపళ్ళ వైపు జరిగితే పై పళ్ళు వెనక్కి వెళ్ళినట్టు పడి, క్లాస్ 2 (పై పళ్ళు కింది పళ్ళకంటే ముందుకున్న అమరిక) కాస్తా క్లాస్ 1లా (పై, కింది పళ్ళు సరిగ్గా కలిసే అమరిక) కనిపిస్తుంది. ముందు ఫొటోలోనూ ఇంతే: పైనుంచి తీస్తే పై పళ్ళు కింది పళ్ళను ఎక్కువ కప్పినట్టు, కిందినుంచి తీస్తే తక్కువ కప్పినట్టు వస్తాయి.

దవడల ఫొటోలు నోట్లో అద్దం పెట్టి, అందులో కనిపించే బొమ్మనే తీస్తాను. దానికి ముందుపూత ఉన్న (వెనక కాక ముందువైపే మెరుపుపూత ఉన్న) అద్దమే వాడాలి. మామూలుదాంట్లో బొమ్మ జంటగా వస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచి తుడిచి, ముక్కుతో గాలి పీల్చమంటే ఆవిరి పట్టదు. వికారం వచ్చే పిల్లలకు పైదవడ ఆఖర్న తీస్తాను. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి ఫొటోను దాచేముందే కుడి ఎడమలు సరిచేస్తూ తిప్పాలి. లేకపోతే పన్ను పీకాల్సిన వైపు పొరబడే ప్రమాదం ఉంది.

ఎదురుగా తీసే ఫొటో ఒకటి పళ్ళు గాలితో ఆరబెట్టి తీయండి, తెల్లమచ్చలు బాగా తెలుస్తాయి. క్లిప్పుల చుట్టూ పాచి చేరితే కొత్త మచ్చలు వస్తాయి. ఏవి పాతవో తేల్చేది ఈ ఫొటోనే.

అమ్మానాన్నల సంతకం చికిత్సకు వేరు, పాఠాలకో ప్రచురణకో వేరుగా తీసుకుంటాను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది. కళ్ళకు నల్లపట్టీ వేసినా తెలిసినవాళ్ళు బిడ్డను పోల్చుకోగలరు. కాబట్టి ముఖం ఫొటోలు వాట్సాప్‌లో పంపను, సొంత ఫోన్‌తో అసలే తీయను.