గ్రంథాలయంలో షుగర్ రిపోర్టు

మొన్న మా ఊరి శాఖా గ్రంథాలయంలో పేపరు చదువుతుంటే పక్కింటి మావయ్యగారు ల్యాబ్ రిపోర్టు తెచ్చి, "ఇదేంటో చూడవా అబ్బాయ్, టెన్షన్‌గా ఉంది" అన్నారు. పరగడుపున 132. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ అనుమానించాలని, ఇంకోసారి పరీక్ష చేయించి డాక్టరుకి చూపించమని చెప్పాను. ఈ ముక్క అక్కడే గోడ మీద పెద్దక్షరాలతో ఉంటే ఎంత బాగుండేది!

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా, వారానికోరోజు ఊరి ఆశా కార్యకర్త అక్క వచ్చి కూర్చుని ఇలాంటివి చదివి చెప్పొచ్చు. కోనసీమ లంకల్లో వరద తీశాక విరేచనాల భయం ఉంటుంది. అప్పుడు తాగించే ఉప్పు-పంచదార నీళ్లకి కొలత, లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి సమంగా కొలిచిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు అని ఎంతమందికి తెలుసు? ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం. జులై రాకముందే ఇవన్నీ రాసిన కాగితం గోడకి అంటించమని మా లైబ్రేరియన్ గారిని అడిగేశాను.