అలవాటు

ఈరోజు బుధవారం. పొద్దున ఆరున్నరకి గ్రౌండ్ ఫ్లోర్ పిన్నిగారు ఫోన్ చేశారు, బాత్రూంలోకి మురుగు ఎదురు తన్నుతోందని. హైదరాబాద్ రామ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కట్టి ఇరవై ఏళ్లు దాటింది, గట్టి వాన పడిన మర్నాడు ఇది మామూలే. కాసేపటికి అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: "మనిషిని పిలిచాను, తొమ్మిదికల్లా వస్తాడు." నేను దానికి దండం బొమ్మ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. "మనిషిని" అన్న మాట దగ్గర నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. ముందు అది రాసుకోవాలి.

తొమ్మిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరి కిందికి దిగితే గేటు పక్కన మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. గడ్డపారతో లేపి పక్కకి జరిపినట్టున్నారు, అంచుల చుట్టూ బొద్దింకలు పాకుతున్నాయి. ఇద్దరొచ్చారు. ఒకాయనకి యాభై దాటి ఉంటాయి, రెండోవాడు ఇరవై రెండు ఇరవై మూడేళ్ల అబ్బాయి. అరగంట నుంచి వెదురు బద్దలు పెట్టి పొడుస్తున్నా జామ్ వదల్లేదట. అబ్బాయి చొక్కా విప్పి మడతపెట్టి గోడ మీద పెట్టాడు. జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, పాలపాకెట్ కవర్లో చుట్టి పెద్దాయన చేతికిచ్చాడు. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచాడు. చేతికి గ్లౌజు లేదు, నడుముకి తాడు లేదు. ఒక కాలు లోపలి ఇనుప మెట్టు మీద పెట్టాడు.

అంతకుముందు ఎన్నిసార్లో పేపర్లో చదివి పక్కన పెట్టిన వార్త అది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది. గాఢత ఎక్కువైతే ఆ వాసన తెలియడం ఆగిపోతుంది, ముక్కు మొద్దుబారుతుంది. లోపలున్నవాడు గాలి బాగానే ఉందనుకుంటాడు. ఒకడు పడిపోతే వాణ్ని లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. వార్తల్లో ఎప్పుడూ ఇద్దరు, ముగ్గురు అని ఎందుకుంటుందో ఆ గొయ్యి ముందు నిలబడితే అర్థమైంది.

"తమ్ముడూ, దిగొద్దు" అన్నాను. గొంతు వణికింది.

సెక్రటరీ గారు అక్కడే ఉన్నారు. మంచి మనిషి. కరోనా అప్పుడు మా ఇంటి గుమ్మం ముందు రోజూ మందులూ పాలూ పెట్టి వెళ్లింది ఆయనే. "వాళ్లకి అలవాటేనమ్మా. మిషన్ అంటే మూడు వేలు దాటుతుంది. వీళ్లకి పదిహేను వందలకి మాట్లాడాను" అన్నారు. అబ్బాయి కాలు తీయలేదు. "రెండు నిమిషాల పనక్కా. దిగకుంటే పైసలెట్ల ఇస్తరు?"

పైసలు ఇస్తాం, నువ్వు బయటికి రా అన్నాను. అప్పటికీ సెక్రటరీ గారు ఊగిసలాడుతుంటే చట్టం సంగతి చెప్పాల్సి వచ్చింది. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపితే, దింపించిన వాళ్ల మీద కేసు. మొదటిసారే రెండేళ్ల దాకా జైలు, లేదంటే రెండు లక్షల దాకా జరిమానా, రెండూ వేయొచ్చు కూడా. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆరు మహానగరాల్లో ఈ పని మనుషులతో చేయించడం ఆపేయమంది, వాటిలో హైదరాబాద్ ఉంది. ఆయన వెంటనే ఫోన్ తీసి మిషన్ వాళ్ల నంబర్ వెతికారు. ఆ అబ్బాయి ఊపిరి గురించి చెప్పినప్పుడు కదలని చెయ్యి, కేసు అనగానే కదిలింది. నాకు దుఃఖం వచ్చింది. పోనీ, కదిలింది కదా అని కూడా అనిపించింది.

మిషన్ రావడానికి మధ్యాహ్నం అవుతుందన్నారు. ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పి, టీ పెట్టి తెచ్చాను. ముగ్గురం కానుగ చెట్టు నీడన కూర్చున్నాం. పెద్దాయన చేతివేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి, గ్లాసు వేడిగా ఉన్నా ఆయనకి తెలిసినట్టు లేదు. పదహారేళ్లప్పుడు ఈ పనిలోకి వచ్చాడట, వాళ్ల నాన్నతో. నేను కొంచెం జంకుతూనే అడిగాను, ఇన్నేళ్లకి అలవాటైపోయిందా అని.

"అలవాటేడిది బిడ్డా. దిగే ముందల ఒక క్వార్టర్ ఏస్తం. అలవాటైనోడికి మందెందుకు?"

ఆ మాట విన్నాక నోట్లో టీ దిగలేదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, ఇల్లెందు దగ్గర, పెరట్లో పిడకలు చేయడానికి ఒకామె వచ్చేది. నేను ఏడెనిమిదేళ్ల పిల్లని. ఎండాకాలం ఆమె మంచినీళ్లు అడిగితే అమ్మమ్మ చెంబు ఎత్తి పైనుంచి పోసేది, ఆమె వంగి దోసిట్లో పట్టుకు తాగేది. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. గ్లాసు ఇవ్వొచ్చుగా అమ్మమ్మా అంటే, "దానికట్లా అలవాటేలే" అంది. అప్పటికి రాజ్యాంగం వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. అంటరానితనం రద్దు అని 17వ అధికరణలో రాసి ఉందని అమ్మమ్మకి తెలియకపోవచ్చు. డిగ్రీ చదివి, అంబేద్కర్ జయంతికి స్టేటస్ పెట్టే నాకు తెలుసు. తెలిసీ పొద్దున దండం బొమ్మ పెట్టాను. ఎవరికో అలవాటు అని మనం అనేది నిజానికి మన అలవాటు గురించి. వాళ్లకి అడిగే దారి లేకపోవడాన్ని చూసీ చూసీ మన కళ్లకి అలవాటైపోయింది.

సమానత్వాన్ని నమ్ముతావా అని ఎవరడిగినా ఇన్నాళ్లూ తడుముకోకుండా అవునని చెప్పేదాన్ని. ఈ పనిలో ఉన్నవాళ్లంతా దాదాపు ఏ కులాల వాళ్లో అందరికీ తెలుసు. ఆ పెద్దాయన, వాళ్ల నాన్న, ఈ అబ్బాయి ఒకే గోతిలోకి దిగడం యాదృచ్ఛికం కాదని కూడా తెలుసు. మనుషులతో ఈ పని చేయించడం ఆపాలని పోరాడే బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మన తెలుగాయన అని సంతోషపడ్డాను. ఆయనది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఇదే పని చేసిన కుటుంబం. సంతోషపడి ఊరుకున్నాను, మా గేటు పక్కన మూత ఎవరు తీస్తున్నారో చూడలేదు. మురుగులో చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఇవ్వాల్సిందే. కానీ మనిషి పోయాక లెక్కగట్టే విలువలో కాస్తయినా, బతికుండగా నడుముకి ఒక తాడుగా ఎందుకు రాదు?

రెండు గంటలకి మిషన్ వచ్చింది. గొట్టం లోపలికి వదిలి నీళ్లు గట్టిగా కొట్టేసరికి పది నిమిషాల్లో జామ్ వదిలింది. బయటికి లాగిన దాంట్లో శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, షాంపూ ప్యాకెట్లు, ఒక పాత బనీను. అన్నీ మా ఇరవై ఇళ్లవే. అబ్బాయి చేతులు పెట్టి తీయాల్సింది ఇవి. మిషన్‌కి 3,500, వీళ్లకి మాట్లాడిన 1,500. మొత్తం 5,000, ఇంటికి 250 రూపాయలు పడింది. గ్రూపులో ఒకరు "అంతా?" అని అడిగారు. బయటికొచ్చిన వాటి ఫొటో పెట్టాను. మళ్లీ ఎవరూ అడగలేదు.

వెళ్లేముందు అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "అందరు మిషనే పెట్టుకుంటే మాకు పనెట్లక్కా?" నమస్తే అని కేంద్రం పథకం ఒకటుంది. ఈ కార్మికుల్ని గుర్తించి కార్డులివ్వాలి, శిక్షణ ఇవ్వాలి, మిషన్లు కొనుక్కోవడానికి సబ్సిడీ ఇవ్వాలి. అదంతా చెప్పాను. ఏ ఆఫీసులో అడగాలి, ఏ కాగితాలు కావాలి అని అడిగాడు. శనివారం నాకు సెలవు, వార్డు ఆఫీసుకి కలిసి వెళ్దామని నంబర్ తీసుకున్నాను.

పెద్దాయనకి ఫోన్ వచ్చింది. విద్యానగర్‌లో ఇంకో అపార్ట్‌మెంట్ అట, సాయంత్రంలోపు రావాలట. అక్కడ మిషన్ ఉంటుందా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా వెదురు బద్దలు సైకిల్‌కి కట్టుకున్నాడు.

ఆరింటికి ఒకసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఏడున్నరకి చేశాను, ఎత్తలేదు. వంట చేస్తున్నానే గానీ మనసు గేటు దగ్గరే ఉంది. తొమ్మిదికి అబ్బాయి ఎత్తాడు. వెనక టీవీ మోగుతోంది, ఎవరో చిన్నపిల్ల ఏడుస్తోంది.

"ఇంటికొచ్చిన అక్కా. అన్నం తింటున్న."

దిగావా అని అడిగాను.

"దిగిన" అన్నాడు.