1191 నాటి జెరూసలేంను వెతుక్కుంటూ

జెరూసలేం పాతనగరపు ప్రాకారం మీద నడవడానికి జాఫా గేటు దగ్గర టికెట్టు ఇస్తారు. మెట్లెక్కి పైకి చేరగానే రాతి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. ఈ నగరాన్ని నాకు పరిచయం చేసింది 'అసాసిన్స్ క్రీడ్' అనే వీడియో గేమ్. ఉబిసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో 2007లో విడుదల చేసిన ఆ ఆట 1191లో, మూడో క్రూసేడు కాలంలో సాగుతుంది. జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింలతో చేసిన యుద్ధాలే క్రూసేడులు. అల్తాయిర్ అనే రహస్య హంతకుడిగా మనం డమాస్కస్, ఏకర్, జెరూసలేం వీధుల్లో జనంలో కలిసి తిరుగుతాం, గోడలు పాకుతాం, మిద్దెల మీద పరుగెత్తుతాం. కాలేజీ రోజుల్లో ఆ మూడు నగరాల్లో నన్ను కట్టిపడేసింది జెరూసలేమే. చేయాల్సిన పని వదిలేసి ఊరికే గోపురాలెక్కి కూర్చునేవాడిని.

అయితే నా చేతి కింద ఉన్న రాయి 1191 నాటిది కాదు. ఇప్పుడున్న ప్రాకారాన్ని ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ 1537, 1541 మధ్య కట్టించాడు. 1187లో క్రూసేడర్ల నుంచి నగరాన్ని గెలుచుకున్న సుల్తాను సలాదిన్ కాలపు గోడలను 1219లో అతని తమ్ముడి కొడుకు అల్ ముఅజ్జమ్ స్వయంగా పడగొట్టించాడు. క్రూసేడర్లు మళ్లీ వచ్చి నగరాన్ని పట్టుకుంటే బలమైన కోట వాళ్ల చేతికి చిక్కకూడదని అతని భయం. తమ కుటుంబం గెలుచుకున్న పవిత్ర నగరానికి తామే రక్షణ లేకుండా చేయడమంటే ఎంత కఠినమైన నిర్ణయమో ఆ గోడ మీద నడుస్తుంటే తెలుస్తుంది.

ఆట చూపిన నగరం అచ్చంగా దొరికింది మాత్రం బజారు కప్పు మీద. హబాద్ వీధి, సెయింట్ మార్క్ వీధి కలిసే మూల దగ్గర ఇనుప మెట్లున్నాయి. ఎక్కితే కింద ఉన్న మూడు బజార్ల కప్పు మీదకు చేరతాం. మసాలాల బజారు, మాంసం బజారు, వాటి పక్కన ఇంకొకటి, మూడూ ఒకదాని పక్కన ఒకటిగా సాగే కమాను వీధులు. క్రూసేడర్ల పాలనలో, 12వ శతాబ్దంలో కట్టినవి. కొన్ని దుకాణాల రాళ్ల మీద సెయింట్ ఆన్ చర్చికి చెందినవని తెలిపే రెండు లాటిన్ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కప్పులో వెలుతురు కోసం వదిలిన కంతల్లోంచి కింది నుంచి జీలకర్ర వాసన, బేరాల కేకలు పైకి వస్తాయి. ఎదురుగా తూర్పున డోమ్ ఆఫ్ ది రాక్ బంగారు గుమ్మటం, వెనక్కి తిరిగితే క్రీస్తు సమాధి చర్చి గుమ్మటాలు. 1191లో ఎవరైనా ఈ కప్పు మీద నడిచి ఉంటే వాళ్ల కాళ్ల కింద ఉన్నవి ఈ కమానులే. ఆ సాయంత్రం బడి పిల్లలు అక్కడ బంతి ఆడుకుంటున్నారు. అక్కడి నుంచి కదలాలనిపించలేదు.

క్రీస్తు సమాధి చర్చిని క్రూసేడర్లు పెద్దఎత్తున పునర్నిర్మించి 1149లో ప్రతిష్ఠించారు. కాబట్టి అల్తాయిర్ కాలానికి దీనికి నాలుగు దశాబ్దాల వయసే. ముఖద్వారం రెండు తలుపుల వెడల్పున ఉంటుంది కానీ కుడివైపుది రాళ్లతో మూసేసి ఉంది. 1187లో నగరం సలాదిన్ వశమయ్యాక దాన్ని మూసేశారు. మిగిలిన తలుపు తాళం బాధ్యత రెండు ముస్లిం కుటుంబాలది, తరతరాలుగా వస్తున్న బాధ్యత. పక్కనున్న గంటల గోపురం ఇప్పుడు పొట్టిగా ఉంటుంది, పై అంతస్తులు కూలిపోయాయి.

లోపల, క్రీస్తు దేహానికి పరిమళ ద్రవ్యాలు పూశారని నమ్మే రాతి పలక దగ్గర తెలుగు మాటలు వినిపించాయి. పల్నాడు నుంచి వచ్చిన యాత్రికుల బృందం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ యాత్రకు ఆర్థిక సాయం ఇవ్వడం మొదలుపెట్టాక ఇలాంటి బృందాలు రావడం పెరిగింది. ఒక పెద్దావిడ తన కొంగు ఆ పలకకు అద్ది, ఆ కొంగును కళ్లకు అద్దుకుంటోంది.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది.

"హైదరాబాదండీ. ఒక్కడినే వచ్చాను."

"అయితే మాతోపాటు కిందికి రా నాయనా, హెలీనా రాణి గుడి ఉందట, చూద్దాం."

ఆ గుడికి దిగే మెట్ల గోడ నిండా చేతితో చెక్కిన చిన్న చిన్న శిలువలు. పక్కపక్కనే, వరుసగా, వందలాదిగా. ఆమె ఒక్కోదాన్నీ వేలితో తడుముతూ దిగింది. నేనూ అలాగే దిగాను.

ఆ మెట్ల మీదే నాకు ఆటతో అసలు పేచీ మొదలైంది. ఆట కథ ప్రకారం క్రూసేడర్లలోని సన్యాసి యోధుల దళమైన టెంప్లర్లు, అల్తాయిర్ వర్గమైన అసాసిన్లు ఒక ప్రాచీన గోళం కోసం పోరాడతారు. మనుషుల మనసులను లొంగదీసి భ్రమలు కల్పించే వస్తువు అది. సముద్రం చీలడం, నీళ్లు ద్రాక్షారసం కావడం అన్నీ దాని మాయలేనని కథ చివర్లో ఒక పాత్ర చెబుతుంది. కుట్రలు కల్పించుకోవడం కథకుల హక్కు, దానికి నా అభ్యంతరం లేదు. కానీ మూడు మతాలు ప్రాణంగా చూసుకునే నగరాన్ని రాయి రాయిగా అంత శ్రద్ధతో కట్టి, దాని విశ్వాసాన్ని ఒక యంత్రం చేసిన మాయగా తేల్చేయడం నన్ను బాధించింది. ఇక్కడికి వచ్చాక ఆ బాధ పెరిగింది. ఆ గోడ మీద శిలువ చెక్కిన చేతులను ఏ యంత్రమూ నడిపించలేదు.

ఆట మొదలయ్యేది సొలొమోను ఆలయం కింది నేలమాళిగలో. ఈ కల్పనకు చరిత్రలో ఒక ఆనవాలు ఉంది. క్రూసేడర్లు అల్ అఖ్సా మసీదును సొలొమోను మందిరమని పిలిచి, దాన్ని టెంప్లర్లకు కేంద్రంగా ఇచ్చారు. ఆ దళానికి ఆ పేరు వచ్చింది అలాగే. 1187 అక్టోబరు 2న సలాదిన్ నగరంలో ప్రవేశించాక మసీదును శుద్ధి చేయించి, తనకు ముందు సిరియాను ఏలిన నూరుద్దీన్ ఇదే రోజు కోసం అలెప్పోలో చేయించి ఉంచిన చెక్క ప్రసంగ వేదికను తెప్పించి పెట్టాడు. శతాబ్దాలు నిలిచిన ఆ వేదిక 1969లో ఒక దుండగుడు పెట్టిన మంటల్లో కాలిపోయింది. అదే నమూనాలో మళ్లీ చేసిన వేదికను ప్రతిష్ఠించింది 2007లో, ఆట వచ్చిన సంవత్సరంలోనే. ముస్లిమేతరులకు మసీదు లోపలికి ప్రవేశం లేదు. ప్రాంగణంలో, చెట్ల నీడలో కూర్చుని ఆ వేదికను ఊహించుకున్నాను.

ఆటలో ప్రధాన ప్రతినాయకుల్లో ఒకడైన రాబర్ట్ ద సబ్లే కల్పిత పాత్ర కాదు, 1191లో టెంప్లర్ల అధిపతి. ఆటలో అతను అర్సూఫ్ యుద్ధరంగంలో అల్తాయిర్ చేతిలో చనిపోతాడు. నిజానికి 1193 దాకా బతికాడు. అసలు అసాసిన్లు, అంటే సిరియా కొండకోటల్లోని నిజారీ ఇస్మాయిలీలనే షియా శాఖవాళ్లు, సలాదిన్‌నే చంపబోయారు. 1176లో అతను మస్యాఫ్ కోటను ముట్టడించి, తర్వాత విరమించుకున్నాడు. ఆ శత్రుత్వాన్ని ఆట దాదాపు పక్కన పెట్టేసింది.

నన్ను అడిగితే 1191 జెరూసలేంకు ఏ గోళమూ అక్కర్లేదు. ఆటలో ఆ ఏడాది నగరాన్ని మజ్దుద్దీన్ అనే కల్పిత పాలకుడు భయపెట్టి ఏలుతుంటాడు. వాస్తవంలో ఆ చలికాలం సలాదిన్ స్వయంగా నగరంలో ఉన్నాడు. క్రూసేడుకు వచ్చిన ఇంగ్లండు రాజు రిచర్డ్ సేన వస్తోందని గోడలు, కందకాలు బలపరుస్తున్నారు. ఫ్రాంకు ఖైదీలు, అంటే పట్టుబడిన క్రూసేడర్లు, రాళ్లు కొడుతున్నారు. సుల్తాను తన గుర్రం మీదే రాళ్లు మోశాడని అతని కొలువులోనివాళ్లు రాశారు. నాలుగేళ్ల క్రితమే మగవాడికి పది దీనార్లు, ఆడమనిషికి ఐదు చొప్పున విమోచన ధనం కట్టి క్రైస్తవులు ఈ నగరం విడిచి వెళ్లిపోయారు. 1099లో క్రూసేడర్లు చేసిన ఊచకోత తర్వాత ఊరికి దూరమైన యూదులు తిరిగి వస్తున్నారు. రిచర్డ్ సైన్యం 1192 జనవరిలో ఒకసారి, జూన్‌లో ఇంకోసారి బైత్ నూబా దాకా, అంటే సుమారు 20 కిలోమీటర్ల దూరం దాకా వచ్చి వెనుదిరిగింది. రేపు తమ వీధి ఎవరిదవుతుందో తెలియని జనం, కొత్తగా వచ్చినవాళ్లు, వెళ్లలేక మిగిలినవాళ్లు. ఇంతకంటే ఉత్కంఠ ఏముంటుంది?

లయన్స్ గేటు దగ్గరి సెయింట్ ఆన్ చర్చిలో ఆ కాలాన్ని కళ్లారా చదవవచ్చు. క్రూసేడర్లు కట్టిన ఆ చర్చి ద్వారం పైన, దాన్ని మదరసాగా మార్చినట్లు సలాదిన్ కాలంలో వేయించిన అరబ్బీ శాసనం ఉంది. 1856లో ఒట్టోమన్ సుల్తాను ఆ కట్టడాన్ని ఫ్రాన్సుకు ఇచ్చాక అది మళ్లీ చర్చి అయింది. శాసనాన్ని ఎవరూ తీసేయలేదు. లోపల స్వరం సుదీర్ఘంగా మోగుతుంది. ఎవరో యాత్రికులు పాడుతుంటే భాష తెలియకపోయినా పాట అయ్యేదాకా ఉండిపోయాను.

అక్కడి నుంచి హెరోదు గేటు వైపు వెళితే మన దేశపు ముసాఫిర్‌ఖానా వస్తుంది. 1200 ప్రాంతంలో పంజాబు సూఫీ బాబా ఫరీద్ ఇక్కడికి వచ్చి నలభై రోజులు ధ్యానంలో గడిపాడని సంప్రదాయం. ఆయన తర్వాత హజ్‌కు వెళ్లివచ్చే భారతీయులు ఇక్కడ దిగడం మొదలైంది. 1924 నుంచి సహారన్‌పూర్‌కు చెందిన ఒక కుటుంబం దీన్ని చూసుకుంటోంది. రెండో ప్రపంచ యుద్ధంలో మన సైనికులూ ఇక్కడ బస చేశారు. ఆట కాలానికి పదేళ్లయినా తిరగకముందే మన నేల నుంచి ఒక మనిషి అంత దూరం వచ్చి ఈ నగరంలో కూర్చున్నాడన్నమాట, కత్తి లేకుండా. ఎవరైనా ఆ ఆటను మళ్లీ తయారుచేస్తే, కథలో ఆయనకొక గది ఇవ్వాలని నా కోరిక. మీరు వెళితే ముందుగా అనుమతి అడిగి వెళ్లండి. అది పర్యాటక స్థలం కాదు, ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్న ఇల్లు.