ఆ ఇఫ్ అక్కడ ఎందుకుంది?

నిన్న రాత్రి లినక్స్ కెర్నెల్ సోర్స్‌లో ఎఫ్ఎస్ ఫోల్డర్ (ఫైల్‌సిస్టమ్‌ల కోడ్ ఉండేది) తెరిచి ఒక్కటే వెతుక్కుంటూ కూర్చున్నా. బఫర్‌ని (డిస్క్ బ్లాక్‌కి మెమరీలో ఉండే కాపీ) వదిలేసే బీరెల్స్ ఫంక్షన్ ఉంది కదా, దాన్ని పిలిచే ముందు "ఇఫ్ బీహెచ్" (బీహెచ్ అంటే ఆ బఫర్‌కి పాయింటర్) అని చెక్ పెట్టిన లైన్లు. ఆ చెక్ అక్కర్లేదండీ, ఎందుకంటే హెడర్ ఫైల్లో బీరెల్స్ చేసేదే అది, పాయింటర్ నల్ (దేన్నీ చూపించనిది) కాకపోతేనే లోపలున్న అసలు ఫంక్షన్‌ని (అదే పేరు, ముందు రెండు అండర్‌స్కోర్లు) పిలుస్తుంది, నల్ అయితే కిమ్మనకుండా వెనక్కి వచ్చేస్తుంది.

ఈఎక్స్‌టీ2 ఫైల్‌సిస్టమ్‌లో ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్ (ఫైల్‌కి తగిలించే అదనపు సమాచారం) చదివే ఫంక్షన్ చూడండి. బీహెచ్‌ని మొదట్లోనే నల్ చేసి పెట్టుకున్నారు, ఫైల్‌కి ఆట్రిబ్యూట్ బ్లాకే లేకపోతే డిస్క్ జోలికి పోకుండా నేరుగా క్లీనప్ లేబుల్‌కి దూకుతుంది, అక్కడ ఏ ఇఫ్ లేకుండా బీరెల్స్, తర్వాత లాక్ వదలడం, రిటర్న్. అంతే, ముచ్చటగా ఉంటుంది.

ఇది చూసిన ఊపులో నేను ప్రాక్టీస్ కోసం రాసుకున్న బుల్లి ఫైల్‌సిస్టమ్‌లో ఇలాంటి ఇఫ్‌లన్నీ పీకేశా, పనిలో పనిగా పుట్‌బీహెచ్ అనే ఇంకో ఫంక్షన్ ముందున్నదీ పీకేశా, రెండూ రిఫరెన్స్ కౌంట్ (బఫర్‌ని ఎంతమంది వాడుతున్నారనే లెక్క) తగ్గించేవే కదా అని. పుట్‌బీహెచ్ నల్లా కాదా అని చూడదు, నేరుగా ఆ లెక్క ఉండే బీకౌంట్‌ని తగ్గించడానికి పోతుంది. క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో మౌంట్ కొట్టగానే స్క్రీన్ నిండా ఊప్స్ (కెర్నెల్ ఇచ్చే క్రాష్ రిపోర్ట్)! డెఫినిషన్ తెరిచి చూస్తే రెండే లైన్లు, ముందే చూసుంటే అరగంట మిగిలేది.

ఇంకో రకం కూడా దొరికింది. బ్లాక్ చదివే ఎస్‌బీ బీరీడ్ (రాసింది చూస్తే బ్రెడ్ అనే చదువుతాం, నాకిప్పటికీ నవ్వొస్తుంది) తిరిగిచ్చిన వెంటనే బఫర్ అప్‌టుడేటా (అందులో సరైన డేటా ఉందా) కాదా అని మళ్ళీ అడగడం. చదవడం ఫెయిలైతే ఆ ఫంక్షనే బఫర్‌ని వదిలేసి నల్ ఇస్తుంది, కాబట్టి నల్ చెక్ ఒక్కటి చాలు. కానీ చాలాసేపు చేతిలో పెట్టుకున్న బఫర్ సంగతి వేరు, మధ్యలో రైట్ ఎర్రర్ వస్తే ఆ అప్‌టుడేట్ ఫ్లాగ్ ఎగిరిపోవచ్చు, అక్కడ చెక్ తీయకూడదు.

మొత్తం పోయినవి 9 లైన్లు, ఎందుకు తీశానో చెప్పే కమిట్ మెసేజ్ 14 లైన్లు. ఒక్క ఇఫ్ మాత్రం అలాగే ఉంచా, దాని లోపల బీరెల్స్‌కి ముందు మార్క్ బఫర్ డర్టీ (బఫర్ మారింది, డిస్క్‌కి రాయాలి అని గుర్తుపెట్టే ఫంక్షన్) ఉంది, దానికి నల్ ఇస్తే మళ్ళీ ఊప్సే.