ఎండ్ లింకులో కీలే ముఖ్యం

నెల రోజుల పాటు నా కారు ముందు భాగం నుంచి ఒక శబ్దం వచ్చేది. నిదానంగా వెళ్తూ ఒక్క పక్క చక్రం చిన్న రాయెక్కితే చాలు, "టక్" మనేది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు మాత్రం చప్పుడే ఉండేది కాదు. చివరికి ఈ తేడాయే నాకు దారి చూపించింది.

స్వే బార్ అంటే కారుకు అడ్డంగా వేసిన స్ప్రింగు ఉక్కు కడ్డీ. మధ్యలో రెండు రబ్బరు బుష్‌లు దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచుతాయి. రెండు కొసలూ చక్రాల వైపు వంగి ఉంటాయి. రెండు చక్రాలూ కలిసి లేస్తే కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. ఒక్కటే లేస్తే మెలి తిరుగుతుంది. మలుపులో బండి పక్కకు ఒరగకుండా పట్టేది ఆ మెలే. కడ్డీ కొసను సస్పెన్షన్‌తో కలిపే చిన్న ముక్కే ఎండ్ లింక్. ఒక్క చక్రం లేచినప్పుడే శబ్దం వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

అనుమానం తీర్చుకుందామని కారు ముందు చక్రాలు రెండూ ఒకే ఎత్తుకు లేపి స్టాండ్ల మీద పెట్టాను. ఒక్క చక్రమే లేపితే బార్ మెలి పడి ఉంటుంది, నట్టు ఊడిన క్షణంలో లింకు చేతి మీదికి ఎగిరి కొడుతుంది. రెండు లింకులూ విప్పి, బార్ కొసలు దేనికీ తగలకుండా కట్టి, ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఒక చుట్టు తిరిగొచ్చాను. శబ్దం లేదు. విప్పిన కుడి లింకును అడ్డంగా పట్టుకుంటే దాని బాల్ జాయింటు (గిన్నెలో బంతి తిరిగే కీలు) తన బరువుకే కిందికి వాలిపోయింది. రబ్బరు తొడుగు చిరిగింది. లోపల గ్రీజు ఉండాల్సిన చోట గోధుమ రంగు మట్టి.

కారు కంపెనీ ఎత్తులోనే ఉండి ఉంటే ఈ పోస్టు ఇక్కడితో అయిపోయేది. పాతవాటిలాంటివే ఒక జత తెచ్చి బిగించేవాణ్ణి. ఎత్తు మార్చకుండా, బార్ మార్చకుండా ఉన్న కారుకు ఎడ్జస్టబుల్ లింకులు, అంటే పొడవు మార్చుకోగలిగేవి, అక్కర్లేదని నా గట్టి నమ్మకం. మూసి ఉన్న బాల్ జాయింటు, లోపల గ్రీజు, పైన రబ్బరు తొడుగు ఉన్న మామూలు లింకే ఎక్కువ కాలం మన్నుతుంది, చప్పుడూ తక్కువ. ఆ డబ్బు మంచి టైర్లకు దాచుకోండి.

నాది రెండో తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోనే, అంటే ఒక్కో చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టి ఉంచుతాయి. కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ జతలు) వేసి 30 మిల్లీమీటర్లు దించాను, ముందు బార్ కూడా లావుది వేశాను. బార్ లావు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లోపల బోలు లేని కడ్డీ బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 22 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 24 వేస్తే బిగువు 40 శాతం పైనే పెరుగుతుంది. ఆ బలమంతా రెండు కొసల్లోని చిన్న కీళ్ళ మీదే పడుతుంది. పాత లింకులు అరిగిపోవడంలో వయసుతో పాటు దీని పాత్ర కూడా ఉందనుకుంటాను.

ఇక పొడవు. కారు దించితే పొట్టి లింకు వేయాలని అందరూ చెప్తారు. నేనూ అదే నమ్మాను. కారు కింద పడుకుని చూశాక, ఆ మాట అన్ని కార్లకూ వర్తించదని అర్థమైంది. కారును దించడమంటే ఛాసిస్‌తో పోలిస్తే చక్రం పైకి పోవడమే. నా కారులో లింకు కింది కొస లోయర్ ఆర్మ్‌కూ పై కొస బార్‌కూ ఉంటాయి. ఆర్మ్ పైకి లేచి లింకును నెడితే, లింకు బార్ కొసను పైకి నెడుతుంది. బార్ మళ్ళీ పాత కోణానికి రావాలంటే లింకు పొట్టిది కావాలి. అదే మెక్‌ఫర్సన్ స్ట్రట్ (పై ఆర్మ్ లేకుండా, స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన నిలువు కాలే చక్రాన్ని పట్టే రకం) ఉన్న చాలా కార్లలో లింకు పై కొస స్ట్రట్‌కు, కింది కొస బార్‌కు ఉంటుంది. అక్కడ స్ట్రట్ పైకి పోతూ బార్‌ను తనతో పాటు లాక్కుపోతుంది. పాత కోణం కావాలంటే పొడవు లింకే వేయాలి! అలాంటి కారులో కూడా కొన్నిసార్లు డ్రైవ్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే ఇరుసు) బార్‌కు తగలకుండా ఉండటానికి పొట్టి లింకు వేసి బార్‌ను ఇంకా పైకి లేపాల్సి వస్తుంది. కాయిలోవర్ మీద లింకు బిగించే చెవి పాత స్ట్రట్‌లో ఉన్న చోటే ఉందో లేదో కూడా చూసుకోవాలి. కాబట్టి ఎవరో చెప్పిన పొడవు కొనకండి. చక్రాలు నేల మీద ఉండగా కొలవండి. బార్ చేయికీ లింకుకూ మధ్య ఇంచుమించు లంబకోణం రావాలి, బార్ దేనికీ తగలకూడదు. ఆ రెండూ కుదిరేలా, ఒక కీలు మధ్య నుంచి ఇంకో కీలు మధ్య దాకా ఎంత దూరం ఉందో అదే మీ పొడవు.

మొదటిసారి ఎడ్జస్టబుల్ లింకులను నేను అవసరమైనంత చూడకుండా కొన్నాను. గొట్టం మీద మెరిసే రంగు, అందంగా చెక్కిన పేరు. పెట్టె తెరిచి చేతిలోకి తీసుకుంటే బరువుగా, నమ్మకంగా అనిపించింది. బిగించిన రెండు నెలలకే పాత టక్ శబ్దం తిరిగొచ్చింది, ఈసారి రెండు వైపులా. విప్పి, కొసన ఉన్న రాడ్ ఎండ్‌ను (మూత లేని బంతి కీలును) వేళ్ళతో ఆడించాను. లోపలి బంతి తన గిన్నెలో పైకీ కిందికీ కదులుతోంది. ఇనుము మీద ఇనుము నేరుగా రాసుకునే రకం అది, మధ్యలో పొరంటూ ఏమీ లేదు. మట్టి పడకుండా తొడుగు లేదు. పైగా ఎడమ లింకు లాక్ నట్ (పొడవు మారకుండా పట్టే నట్టు) వదులై, పొడవు తనంతట తానే మారిపోయింది. నాకు బాధ కలిగించింది డబ్బు పోవడం కాదు. ఆ రెండు నెలలూ మలుపుల్లో కారు ఎడమకు ఒకలా, కుడికి ఒకలా తిరుగుతుంటే తప్పు నా డ్రైవింగ్‌దేమో అనుకున్నాను.

అప్పటి నుంచి నా లెక్క ఒక్కటే. గొట్టానికి పెట్టే డబ్బు తగ్గించి కీలుకు పెట్టాలి. లింకులో గొట్టం పని సూటిగా లాగడం, నెట్టడం. ఆ పనికి మామూలు ఉక్కు షడ్భుజి కడ్డీ చాలు. అరిగేదీ, చప్పుడు చేసేదీ, చివరికి విరిగేదీ కొసల్లోని కీలే.

రెండోసారి వెతికినప్పుడు ముందు చూసింది మర (స్క్రూ గాడి) దిశ. మంచి లింకులో ఒక కొసకు కుడి మర, ఇంకో కొసకు ఎడమ మర ఉంటాయి. మధ్య కడ్డీని పానాతో తిప్పితే రెండు కొసలూ ఒకేసారి లోపలికి వస్తాయి లేదా బయటికి పోతాయి. ఎమ్10, 1.25 పిచ్ మర (10 మిల్లీమీటర్ల లావు, చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు జరిగేది) అయితే ఒక పూర్తి చుట్టుకు పొడవు 2.5 మిల్లీమీటర్లు మారుతుంది. నా మొదటి జతలో రెండు కొసలకూ కుడి మరే. కడ్డీని ఎంత తిప్పినా పొడవు మారదు. ప్రతిసారీ ఒక కొస ఊడదీసి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించాలి. కారు తన బరువు మీద తాను నిలబడి ఉండగా ఆ పని చేయడం నరకం. ధర తక్కువ జతల్లో ఈ తేడా ఫోటోలో సరిగ్గా కనబడదు, అమ్మేవాళ్ళను అడిగి తెలుసుకోండి.

తర్వాత కీలు రకం. రోజూ తిరిగే కారుకు రెండు దారులున్నాయి. ఒకటి, మూసిన బాల్ జాయింటే ఉండి మధ్యలో మాత్రం పొడవు మారే లింకు. వాన, మట్టి, దుమ్ము అన్నీ తట్టుకుంటుంది. రెండోది టెఫ్లాన్ పొర ఉన్న రాడ్ ఎండ్. కొత్తలో బంతి బిగుతుగా ఉండి చేత్తో తిప్పడం కష్టమవుతుంది, అది మంచి గుర్తు. పొర ఉన్నదానికి గ్రీజు పెట్టకూడదు. గ్రీజుకు దుమ్ము అంటుకుని పొరను తినేస్తుంది. విడిగా దొరికే రబ్బరు తొడుగులు వేసుకోవచ్చు. నేను రెండోదే తీసుకున్నాను, కారును రేసు ట్రాక్ మీదికి కూడా తీసుకెళ్తాను కాబట్టి. ట్రాక్ ఊసే లేనివాళ్ళకు మొదటిదే నా సలహా.

రాడ్ ఎండ్ అయితే ఇంకో రెండు సంగతులు. బంతికి రెండు పక్కలా శంకువు ఆకారం స్పేసర్లు (ఎడం ఉంచే ముక్కలు) ఉండాలి, లేకపోతే చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బోల్టు గిన్నె అంచుకు తగిలి వంగుతుంది. బంతి కన్నా పెద్ద వాషరు ఒకటి బయటి వైపు వేయాలి. పొరపాటున బంతి ఊడొచ్చినా లింకు బోల్టు మీదే ఉండిపోతుంది. ఈ వాషరు జతతో పాటు రాకపోతే విడిగా కొనుక్కోండి.

మర ఎంత లోపలికి పోయిందో కూడా చూడాలి. ఎమ్10 కొసకు కనీసం 15 మిల్లీమీటర్లు లోపల ఉండేలా చూసుకుంటాను. మీకు కావాల్సిన పొడవు ఆ లింకు గరిష్ఠ పొడవుకు దగ్గర్లో ఉంటే ఇంకో సైజు వెతకడం మంచిది. నేను రెండు వైపులా నాలుగేసి చుట్లు తగ్గించాను, పది మిల్లీమీటర్లు.

బిగించడానికి ఒక పూట మొత్తం పట్టింది. టైర్లలో గాలి సమంగా చూసుకుని, నాలుగు చక్రాల కిందా ఒకే ఎత్తు చెక్క దిమ్మలు పెట్టి కారును నిలబెట్టాను. నా బరువు 72 కిలోలు. డ్రైవర్ సీట్లో 24 కిలోల ఇసుక సంచులు మూడు పెట్టాను. జాకీ మీద నుంచి దించాక సస్పెన్షన్ వెంటనే తన చోటికి రాదు, టైర్లు నేలను పట్టుకుని అడ్డుపడతాయి. అందుకే దిమ్మల మీదే కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లించి, బానెట్ దగ్గర నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదిలాను.

కుడి వైపు పూర్తిగా బిగించాను. ఎడమ వైపు పై బోల్టు పెట్టబోతే రంధ్రం మూడు మిల్లీమీటర్లు పైన ఉంది. పానాతో లాగితే కుదిరిపోయేది, బహుశా చాలామంది చేసేదీ అదే. అలా చేస్తే బార్ నిలబడి ఉన్నప్పుడే మెలి పడి ఉంటుంది, ముందు రెండు చక్రాల మీదా బరువు అటూ ఇటూ మారుతుంది. కారు ఎడమకూ కుడికీ వేరుగా తిరగడానికి కారణం ఇదే. లింకు కడ్డీని ఒక పూర్తి చుట్టు, ఇంకో పావు చుట్టు తిప్పాను. బోల్టును చూపుడు వేలితో నెట్టాను. ఎక్కడా పట్టుకోకుండా మెత్తగా లోపలికి జారిపోయింది. చేత్తో జారే బోల్టు కన్నా మంచి కొలత ఈ పనిలో లేదు. ఈ కారణంగానే డబ్బు మరీ తక్కువగా ఉంటే ఒక వైపు మామూలు లింకు, ఒక వైపు ఎడ్జస్టబుల్ వేసినా మెలి తీసేయవచ్చు. ఎత్తు దించకుండా బార్ మాత్రమే మార్చిన కారులో నేనైతే అలాగే చేస్తాను.

లాక్ నట్లు బిగించేటప్పుడు కడ్డీని ఒక పానాతో కదలకుండా పట్టుకుని ఇంకో పానా వాడండి. ఎడమ మర వైపు లాక్ నట్ కూడా ఎడమ మరదేనని గుర్తుంచుకోండి, అలవాటులో తిప్పితే విప్పేస్తారు. బిగించాక ప్రతి నట్టు మీదుగా కడ్డీ దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను.

నూరు కిలోమీటర్లకు ఒకసారి, ట్రాక్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఒకసారి టార్చి లైటు పట్టుకుని కింద చూస్తున్నాను. ఏడో నెల నడుస్తోంది. చక్రం రాయెక్కినా శబ్దం లేదు. గీతలన్నీ ఎక్కడా విరగకుండా సూటిగానే ఉన్నాయి.