జియో సైంటిస్ట్ మెయిన్స్: నీరు, రాయి, నా రెండో పేపరు

ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్తల ఉద్యోగాలకు యూపీఎస్సీ పెట్టే కంబైండ్ జియో సైంటిస్ట్ మెయిన్స్ మొదటిసారి రాసినప్పుడు నన్ను ముంచింది రెండో పేపరు. ఖనిజశాస్త్రం, భూరసాయన శాస్త్రం అందులోనే ఉంటాయి. బంకమట్టి ఖనిజాల పేర్లు, ఫార్ములాలు అన్నీ బట్టీ పట్టి వెళ్లాను. తీరా రాయబోతే, ఒకే శిల ఒకచోట కేయొలినైట్ అనే బంకమట్టి ఖనిజంగా, మరోచోట స్మెక్టైట్ అనే ఇంకో దానిగా ఎందుకు మారుతుందో నాలుగు వాక్యాలు కుదరలేదు. 200కి ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయను.

ఆ వేసవిలో తాండూరు దగ్గర మామయ్యగారి చేనుకు వెళ్లాను. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. ఒక నెర్రెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తుంటే, "తియ్యరా, తేళ్లుంటాయి" అని కేకేశాడు. మర్నాడు వికారాబాద్ అనంతగిరి గుట్ట మీద ఎర్రటి లాటరైట్ (రాయి శిథిలమై మిగిలిన గట్టి పొర) చూశాను, తేనెపట్టులా నిండా చిల్లులు. రెండింటికీ తల్లిరాయి దక్కన్ బసాల్టే, అంటే గడ్డకట్టిన లావా రాయి.

వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి ఆమ్లమవుతుంది. పొయ్యి వేడి అక్కర్లేదు, మనం తిరిగే ఎండ చాలు. బసాల్టులోని ఖనిజాలు పైరాక్సీన్, ప్లాజియోక్లేజ్ కరిగి సోడియం, కాల్షియం, మెగ్నీషియం, సిలికా నీటిలోకి వస్తాయి. పల్లంలో నీరు కదలదు, అవన్నీ అక్కడే ఉండిపోతాయి, స్మెక్టైట్ పుడుతుంది. దాని పొరల మధ్య నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు. గుట్ట మీద నీరు దిగిపోతూ వాటిని మోసుకుపోతుంది. సిలికా కొంత మిగిలితే కేయొలినైట్, అదీ పోతే గిబ్‌సైట్ అనే అల్యూమినియం ఖనిజం. ఇనుము మాత్రం కదలదు, ఆ ఎరుపు దానిదే. అయితే అంత మందం లాటరైట్‌ను ఇప్పటి వానలకు అంటగట్టకండి. అది పాత తడి వాతావరణం వదిలిన పొర.

రోజూ పొద్దున్నే ఒక సమీకరణం చూడకుండా తుల్యం చేసేవాణ్ని: రెండు పొటాషియం ఫెల్డ్‌స్పార్, రెండు హైడ్రోజన్ అయాన్లు, తొమ్మిది నీటి అణువులు, అటువైపు ఒక కేయొలినైట్, రెండు పొటాషియం అయాన్లు, నాలుగు సిలిసిక్ ఆమ్లం. ఏది నీటితో పోయింది, ఏది మిగిలింది అన్నది ఇందులోనే కనిపిస్తుంది. ఏ ఖనిజం ముందు శిథిలమవుతుందో చెప్పే, గోల్డిచ్ 1938లో ఇచ్చిన వరుసను, శిలాద్రవం నుంచి ఏది ముందు గడ్డకడుతుందో చెప్పే బోవెన్ వరుస పక్కన రాసుకుంటే ఒక్క పూటలో వస్తుంది.

ఓలివిన్ అనే ఖనిజం నీటితో కలిసి మారితే వచ్చే సర్పెంటైన్ దగ్గర ఇంకో పొరపాటు చేశాను. సముద్రగర్భ వేడినీటి ఊటలంటే 350 డిగ్రీల నల్ల పొగగొట్టాలే అనుకునేవాణ్ని. అట్లాంటిక్‌ అడుగున 2000లో బయటపడిన లాస్ట్ సిటీ అనే ఊటల ప్రాంతంలో ఊట నీరు 40 నుంచి 90 డిగ్రీలే, పీహెచ్ మాత్రం 9 నుంచి 11. నీరు ఓలివిన్‌ను సర్పెంటైన్‌గా మారుస్తుంటే, ఓలివిన్‌లోని ఇనుము మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్ అవుతూ హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. కార్బొనేట్, బ్రూసైట్‌ల తెల్లని స్తంభాలు 60 మీటర్ల దాకా లేచాయి. సర్పెంటైన్ రకాల్లో ఉష్ణోగ్రత తక్కువైతే లిజార్డైట్, పెరిగితే యాంటిగొరైట్ అని పక్కనే రాసుకోండి.

రెండోసారి ఈ పేపరు గట్టెక్కింది. జియోలైట్లు అనే, నీటిని పట్టి ఉంచే ఖనిజాల గుంపును మాత్రం టైం లేక వదిలేశాను. పుణె వైపు బసాల్టు బుడగల్లో దొరికే జియోలైట్లు స్టిల్‌బైట్, హ్యూలండైట్ ఎలా ఏర్పడతాయని ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే అడిగారు.