కొనేముందు ఒకసారి బూట్ చేసి

ఈ రోజంతా స్నేహితుడు ఇచ్చి వెళ్లిన పాత ల్యాప్‌టాప్‌తోనే సరిపోయింది. నచ్చితే కొనుక్కో, లేదంటే తిరిగి ఇచ్చెయ్ అన్నాడు. నా షరతు ఒక్కటే, దాని మీద ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలి. అడుగున మోడల్ పేరూ నంబరూ ఉన్నాయి గానీ వాటిని నేను పెద్దగా నమ్మను. ఒకే మోడల్‌లో ఒక విడతకు ఒక వైఫై చిప్, మరో విడతకు ఇంకొకటి బిగించడం మామూలే.

ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ఆదేశాలు టైప్ చేసే షెల్‌లోకి వెళ్లి డీమెస్‌గ్ కొట్టాను, బూట్ అయ్యేటప్పుడు ఏయే పరికరాలు కనిపించాయో చూపే ఆదేశం అది. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌కు డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, దొరికిన పరికరమైతే వరుస మొదట్లోనే ఆ డ్రైవర్ పేరు, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. దొరకకపోతే వరుస చివర ‘నాట్ కన్ఫిగర్డ్’ అని ఉంటుంది. ఈథర్‌నెట్‌కు ఆర్‌ఈ0, ఎస్‌ఎస్‌డీకి ఎన్‌వీఎమ్ఈ0 వచ్చాయి. ఆడియోకు, వైఫైకి మాత్రం నాట్ కన్ఫిగర్డే.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇన్‌స్టాలర్‌లో ఉండేది కుదించిన కెర్నల్. పాటలు వినిపించడం దాని పని కాదు కనుక ఆడియో డ్రైవర్లు అందులో పెట్టరు. పూర్తి సిస్టమ్ ఎక్కాక ఆ చిప్ సంగతి అజాలియా డ్రైవర్ చూసుకుంటుంది. వైఫై అలా కాదు. నెట్‌వర్క్ మీదుగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ల కోసం ఆ డ్రైవర్లు ఇక్కడే ఉంటాయి. ఇక్కడే గుర్తుపట్టలేదంటే ఆ కార్డు మీద ఆశ వదులుకోవడమే.

వెనక మూత విప్పి చూశాను. కార్డు బోర్డుకు అతికించి లేదు, ఎమ్.2 అనే చిన్న కార్డుల స్లాట్‌లో ఒక్క స్క్రూతో నిలిచి ఉంది. హమ్మయ్య! బదులుగా ఇంటెల్ కార్డు అనుకున్నాను, వాటికి ఐడబ్ల్యూఎక్స్ డ్రైవర్ ఉంది. తిరకాసు ఏమిటంటే ఇంటెల్ కార్డుల్లో ఏఎక్స్200, ఏఎక్స్201 చూడటానికి కవలల్లా ఉంటాయి, రెండూ ఒకే స్లాట్‌లో దూరతాయి. మొదటిది మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, పనంతా తనే చేసుకుంటుంది. రెండోదాని పనిలో కొంత భాగం ఇంటెల్ చిప్‌సెట్ లోపలే జరుగుతుంది. ఇది ఏఎమ్‌డీ యంత్రం, ఇందులో ఇంటెల్ చిప్‌సెట్ ఉండదు, కాబట్టి ఏఎక్స్200 తప్ప దారి లేదు. ముందు సెట్టింగుల్లోకి వెళ్లి, యంత్రాన్ని మొదట మేల్కొలిపే బయాస్ వేరే కార్డును ఒప్పుకుంటుందో లేదో చూడాలనుకున్నాను గానీ అది సెట్టింగుల్లో రాసి ఉండే విషయం కాదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు తమ జాబితాలో లేని కార్డు కనిపిస్తే అసలు బూట్ కావు. కార్డు వచ్చాకే తేలాలి.

కార్డుకు ఫర్మ్‌వేర్, అంటే దాని లోపల నడిచే ప్రోగ్రామ్, కూడా కావాలి. లైసెన్సుల గొడవ వల్ల అది ఇన్‌స్టాలర్‌తో పాటు రాదు, నెట్ నుంచి దించుకోవాలి. వైఫై పనిచేయడానికి నెట్ కావాలన్నమాట! అందుకే ఈథర్‌నెట్ పోర్టు లేని ల్యాప్‌టాప్ ఎంత నాజూకుగా ఉన్నా నాకు గిట్టదు. ఆ కార్డులో బ్లూటూత్ కూడా ఉంటుంది గానీ ఓపెన్‌బీఎస్‌డీ 2014లోనే బ్లూటూత్ కోడ్‌ను తీసేసింది. నా హెడ్‌ఫోన్లకు ఎలాగూ వైరుంది.

గ్రాఫిక్స్‌కు ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ ఉంది కనుక బెంగ లేదు. ఎన్‌విడియా అయి ఉంటే మూత కూడా విప్పేవాణ్ణి కాదు, దానికి ఓపెన్‌బీఎస్‌డీలో సరైన డ్రైవర్ లేదు.

కార్డు ఆర్డర్ పెట్టాను. ఇక మిగిలింది సస్పెండ్, అంటే యంత్రాన్ని నిద్రపుచ్చి లేపడం. మూత మూసి తెరిస్తే తెర మళ్లీ వెలుగుతుందో లేదో ఇన్‌స్టాలర్ చెప్పదు. రేపు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి పూర్తి సిస్టమ్‌నే ఎక్కించి, దాని నుంచి బూట్ చేసి చూస్తాను. డబ్బు మాట ఆ తర్వాతే.